యంత్రము గీసిన మూత్రపిండము



గడచిన సంవత్సరము మన పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకు తొమ్మిదవ తరగతి బాలబాలికలు ఒక చిన్న చలనచిత్రమును సిద్ధము చేసిరి. మూత్రపిండము ఎట్లు పనిచేయునో చూపునట్టి మూడు నిమిషముల యానిమేషను చిత్రమది. అందలి బొమ్మలలో పెక్కింటిని వారు చేతితో గీయలేదు. కృత్రిమ మేధతో పనిచేయు బొమ్మల యంత్రమునకు నాలుగు మాటలు చెప్పి గీయించిరి. చిత్రము చూడ ముచ్చటగా నుండెను. వచ్చిన పెద్దలందరు చప్పట్లు కొట్టిరి, నేనును కొట్టితిని. ఆ చిత్రములో అయిదు తప్పులుండెను. అందొకటి ఒక ముదుసలికి నిజముగా కీడు చేయబోయి తప్పినది. ఆ చిత్రమును చూచి సరియని పలికినవాడను నేనే గనుక, ఆ తప్పులను గూర్చియు, వానివలన మేము నేర్చుకొన్న పాఠమును గూర్చియు మీకు చెప్పుట నా విధి యని యెంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

1. ముందుగా వీణతో పరీక్ష

ఈ యంత్రముల స్వభావము తెలియవలెనన్న మనకు బాగుగా తెలిసిన వస్తువుతో పరీక్షింపవలయును. బొబ్బిలి వీణ మన రెండు జిల్లాలవారికిని సుపరిచితమే గదా. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో పనివారు పనసకొయ్యను తొలిచి దానిని చేయుదురు. కుండయు దండియు ఒకే కొయ్యనుండి వచ్చునట్లు చేయుట వారి ప్రసిద్ధి. వీణకు మెట్లు ఇరువదినాలుగు. తంత్రులు ఏడు, అందు నాలుగు స్వరములు వాయించుటకును, మూడు తాళమునకును. ప్రతి మెట్టును మైనములో దాని తావున నిలుపుదురు. ఒక్క మెట్టు వెండ్రుకవాసి తొలగినను స్వరము చెడును.

తరగతిలో నేను ఆ యంత్రమును “బొబ్బిలి వీణ బొమ్మ గీయుము” అని కోరితిని. అర నిమిషములో బొమ్మ వచ్చెను. పనసకొయ్య మెరుగు, యాళి ముఖము, నెమలి చెక్కడము, కిటికీనుండి పడు వెలుగు, అన్నియు కన్నుల పండువుగా నుండెను. పిల్లలు ఆశ్చర్యపడిరి. “మెట్లు లెక్కపెట్టుడు” అంటిని. మొదటి బొమ్మలో పందొమ్మిది. రెండవసారి గీయింపగా ముప్పదియొకటి. తంత్రులలో రెండు బిరడల వరకు పోకయే కొయ్యలో కరగిపోయినవి. వెనుక బెంచీలోని బాలిక యొకతె లేచి, “అయ్యగారూ, ఇది చూచుటకు వీణయే గాని వాయించుటకు వీణ కాదు” అని పలికెను. ఈ వ్యాసమంతయు ఆ బాలిక పలికిన మాటకు వ్యాఖ్యానమే.

2. యంత్రము ఎట్లు గీయును?

మాటలు చెప్పిన బొమ్మ గీయు యంత్రములు 2021వ సంవత్సరమున డాల్-ఈ యనుదానితో లోకప్రసిద్ధి పొందినవి. 2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ మొదలగునవి సామాన్యుల చేతికిని వచ్చినవి. వీనిని తయారుచేయువారు ముందుగా కోట్లకొలది బొమ్మలను, ప్రతి బొమ్మతోగూడ దానిని వర్ణించు వాక్యమును సేకరింతురు. 2022లో వెలువడిన లయాన్ అను నొక సేకరణములో అట్టి జతలు 585 కోట్లు గలవు.

పిమ్మట జరుగు శిక్షణను ఒక యుపమానముతో చెప్పెదను. ముంగిట చక్కని ముగ్గు కలదనుకొనుడు. దానిపై కొంచెము పిండి చల్లుడు, మరికొంచెము చల్లుడు, కడకు ముగ్గు బొత్తిగా కనబడక పిండి మాత్రమే మిగులును. ఏ మెట్టున ఎంత పిండి పడినదో, దానిని తీసివేసిన అడుగున ఏమి యుండునో ఊహించుటకు యంత్రమును అభ్యాసపరతురు. కోట్ల బొమ్మలతో ఈ అభ్యాసము జరిగిన పిదప, అడుగున ఏ ముగ్గును లేని వట్టి పిండినే దానిముందు పోసి, “వీణ” యందురు. అది ఒక్కొక్క మెట్టున పిండిని తొలగించుచు, తాను చూచిన వీణల పోలికగల బొమ్మను తేల్చును. ఈ పద్ధతికే డిఫ్యూజన్ అని పేరు.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. యంత్రము తన్ను తాను వేసికొను ప్రశ్న “ఇది నిజమా?” అనునది కాదు, “ఇట్టి మాటలకు ఇట్టి బొమ్మ ఉండుట సంభవమా?” అనునది మాత్రమే. వీణ వాయించునట్టి వస్తువని దానికి తెలియదు. మెట్టునకును స్వరమునకును గల సంబంధము తెలియదు. కావున మెట్లు ఇరువది యైనను ముప్పది యైనను దానికి భేదము లేదు. ఇప్పటి యంత్రములు మూడేండ్ల క్రిందటి వానికంటె చాల మెరుగైనవి. మనుష్యుని చేతికి ఆరు వ్రేళ్లు గీయుట మునుపటివలె తరచు గాదు. అయినను దీనివలన మన జాగ్రత్త తగ్గరాదు, హెచ్చవలెను. వికారమైన తప్పును పసిబిడ్డయు పట్టును. సొంపైన తప్పును పట్టుటకు తెలిసినవాడు కావలయును.

3. శాస్త్రీయ యానిమేషను అననేమి?

కంటికి కనబడని దానిని, లేక కంటికందనంత వేగముగనో మెల్లగనో జరుగుదానిని చలించు బొమ్మలతో చూపుటయే శాస్త్రీయ యానిమేషను. మన దేశములో దీని కథ పాతదే. దాదాసాహెబ్ ఫాల్కే తన “రాజా హరిశ్చంద్ర” చిత్రమునకు ముందు, 1912లో, ఒక కుండలో బఠాణీ గింజను నాటి, దినమునకొక ఫ్రేము చొప్పున నెలకు పైగా చిత్రించెను. నెల దినముల యెదుగుదల తెరమీద కొద్దిసేపటిలో జరిగెను. చూచినవారికి అది ఇంద్రజాలమువలె తోచెను గాని అందు ప్రతి ఫ్రేమును నిజముగా కుండలో నున్న మొక్కదే.

కణములోపలి సంగతులను చూపుటకు కెమెరా చాలదు. అక్కడ చిత్రకారుడు ప్రయోగశాలల లెక్కలను ఆధారముగా గైకొని గీయవలయును. 2006లో హార్వర్డు విశ్వవిద్యాలయము కొరకు ఎక్స్‌వీవో అను సంస్థ చేసిన “కణముయొక్క అంతరంగ జీవితము” అను చిత్రము ఇట్టివానిలో మిక్కిలి పేరుగాంచినది. అందు కైనెసిన్ అను ప్రోటీను రెండు కాళ్లతో ఒక పెద్ద సంచిని మోయుచు త్రాటివంటి నాళికపై నడచును. ఆ అడుగు పొడవు 8 నానోమీటర్లు. అనగా మిల్లీమీటరులో లక్షా యిరువదియైదువేలవ వంతు. ప్రతి అడుగునకును ఒక ఏ.టి.పి. అణువు ఖర్చగును. ఆ ఏ.టి.పి.ని 1929లో అదే హార్వర్డులో సైరస్ ఫిస్కేతో గూడి కనుగొని ప్రకటించినవాడు భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇంత శ్రద్ధతో చేసిన చిత్రమునందును లోపములున్నవని శాస్త్రజ్ఞులే చెప్పిరి. నిజమైన కణములోపల సంతలోవలె అణువులు క్రిక్కిరిసి యుండును. చిత్రములో చోటు ఖాళీగా నున్నది. నిజమైన కైనెసిన్ తడబడుచు, నలుదిక్కుల తాకిళ్లు తినుచు సాగును. చిత్రములో అది కవాతు చేయు సిపాయివలె నడచును. అయినను చేసినవారిని “ఈ గీత ఏల గీసితిరి? దీనిని ఏల విడిచితిరి?” అని అడిగినచో సమాధానము చెప్పగలరు. స్పష్టత కొరకు కొన్నిటిని తీసివేసితిమని ఒప్పుకొనగలరు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నల్లబల్ల పాఠము నేర్పునప్పుడు ఒక నియమము చెప్పెడివారు: బొమ్మను ముందే గీసి చూపక పిల్లల యెదుటనే ఒక్కొక్క గీతయు గీయవలెను, గీత గీయునప్పుడే దాని కారణమును చెప్పవలెను, కారణము చెప్పలేని గీతను తుడిచివేయవలెను. ఆ దినములలో అది వట్టి బోధనా పద్ధతి యనుకొంటిని. శాస్త్రీయ చిత్రమునకు ప్రాణమే అదియని ఇప్పుడు తెలిసినది. శాస్త్రములో బొమ్మ యనగా అలంకారము గాదు, అదియొక వాక్యము. వాక్యమునకువలెనే దానికిని సత్యాసత్యములు గలవు. యంత్రము గీసిన గీతకు కారణము చెప్పువారెవ్వరు?

4. మా చిత్రములోని తప్పులు

ఇక మా మూత్రపిండపు కథ. ముందు నిజమైన సంగతులు చెప్పెదను. మనకు మూత్రపిండములు రెండు, చిక్కుడుగింజ ఆకారము, ఒక్కొక్కటి పిడికెడంత. పైన కాలేయముండుటచే కుడిది ఎడమదానికంటె కొంచెము క్రిందుగా నుండును. ఒక్కొక్కదానిలో సుమారు పదిలక్షల నెఫ్రాన్లు గలవు. గుండెనుండి వెడలు రక్తములో ఇంచుమించు అయిదవ వంతు వీనికే వచ్చును. ప్రతి నెఫ్రాను మొదట సన్నని రక్తనాళముల కుచ్చు ఒకటి యుండును. అదియొక జల్లెడ. నీరు, లవణములు, చక్కెర, యూరియా దానిగుండా దిగును. రక్తకణములును పెద్ద ప్రోటీనులును దిగవు. ఇట్లు దినమునకు 180 లీటర్ల నీరు వడకట్టబడును. అందు రమారమి ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రమై పోవును. తక్కినదంతయు మరల రక్తములో చేరును.

మా చిత్రములో మొదటి తప్పు అక్షరములది. బొమ్మలలో భాగముల పేర్లు తెలుగువలె కనబడినవి గాని ఏ తెలుగువాడును చదువజాలని గుణింతములు. దీనిని పిల్లలే పట్టి, తుడిచి, చేతితో వ్రాసిరి. రెండవది నిర్మాణమునకు సంబంధించినది: ఎడమ మూత్రపిండమునుండి వెడలిన నాళము మూత్రాశయమునకు చేరక ప్రేగుల నడుమ మాయమయ్యెను. మూడవది చలనములో కలిగినది. యానిమేషనులో సెకనునకు ఇరువదినాలుగు ఫ్రేములుండుట వాడుక. వీనిలో ఒకే నెఫ్రాను ఒకే రూపముతో నుండవలెను గదా. మా చిత్రములో నాళము మొదట మూడు చుట్లు చుట్టుకొని, రెండు సెకనులు గడచునప్పటికి అయిదు చుట్లుగా మారెను. కదలికలో కన్ను మోసపోవుటచే ఎవరును గుర్తింపలేదు.

నాలుగవ తప్పు గొప్పది. రక్తము వడకట్టబడు దృశ్యములో ఎర్ర రక్తకణములు గుంపులుగా జల్లెడ దాటి నాళములోనికి దిగుచుండెను. ఎర్రని మణులవలె ప్రవహించుచున్న ఆ దృశ్యమునకే అందరును చప్పట్లు కొట్టినది. ప్రదర్శనమునకు వచ్చిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యురాలొకరు నన్ను ప్రక్కకు పిలిచి, “మాస్టారూ, మీరు ఆరోగ్యమని చూపినదానిని మేము రోగమని చికిత్స చేయుదుము” అనిరి. మూత్రములో రక్తకణములు పడుట జల్లెడ చెడినదనుటకు గుర్తు కావచ్చును. యంత్రము “రక్తము”, “వడపోత”, “నాళము” అను మాటలకు తగిన బొమ్మను ఇచ్చినది. ఏది దాటవలెనో ఏది దాటరాదో దానికి తెలియదు. ఆ జల్లెడ అంతరార్థమంతయు ఆ దాటరానిదానిలోనే యున్నది.

5. నూతి నీటి ప్రశ్న

అయిదవ తప్పును చెప్పుటకు ముందు ఉద్దానమును గూర్చి పొరుగు జిల్లా పాఠకుల కొరకు కొంత చెప్పవలయును. శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసన, సముద్రము ప్రక్కన, కొబ్బరితోటలతోను జీడితోటలతోను పచ్చగానుండు సీమ ఉద్దానము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలోని పల్లెలు దీనిక్రిందికి వచ్చును. ఇక్కడ ఎన్నో ఏండ్లనుండి దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి పెక్కుమందిని బాధించుచున్నది. మధుమేహముగాని రక్తపుపోటుగాని ముందుగా లేనివారికిని ఇది వచ్చుచున్నది. నీటిలోని సిలికా, ఫ్లోరైడు, లోహములు, పురుగుమందులు, ఎండలో కష్టించి పనిచేయుచు తగినంత నీరు త్రాగకుండుట, నొప్పి మాత్రలు, వంశగుణములు, ఇట్లనేక విషయములను పరిశోధకులు పరీక్షించిరి. ఇదియే కారణమని అందరంగీకరించిన నిర్ణయము ఇంకను లేదు. శ్రీలంక ఉత్తర మధ్య మండలములోను, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకుతోటల కూలీలలోను ఇట్టి వ్యాధియే కలదు. పలాసలో 2023 డిసెంబరున మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును, రెండువందల పడకల ఆసుపత్రియును ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా ఉద్దానపు పల్లెలకు తెచ్చు పథకమును కట్టిరి.

మా చిత్రములో కడపటి భాగము “ఉద్దానములో ఈ వ్యాధి ఏల వచ్చుచున్నది?” అనునది. పిల్లలు వ్రాసికొన్న మాటలు సరియైనవే: “కారణము ఇంకను తేలలేదు, పరిశోధనలు జరుగుచున్నవి.” ఆ మాటలకు బొమ్మ కావలసి యంత్రమును అడిగిరి. అది ఒక నూతిని గీసి, చేదలో నల్లని నీటిని గీసి, వెనుక పొగగొట్టముల కర్మాగారమును గీసి, నీరు త్రాగుచున్న ముసలిదాని ముఖమున భయమును గీసెను. చెవికి మాట ఒకటి చెప్పెను. కంటికి బొమ్మ మరియొకటి చెప్పెను. ఎవరు గెలుతురు? బొమ్మయే గెలిచెను.

ఉద్దానమునుండి వచ్చి మన వసతిగృహములో నుండి చదువుకొను బాలుడొకడు ఆ చిత్రమును తన తండ్రి చరవాణికి పంపెను. పది దినముల తరువాత ఆ తండ్రి నన్ను చూడవచ్చి, గడపలోనే నిలిచి, “మాస్టారూ, అయితే మా నూతి నీళ్లే మమ్మల్ని తినేస్తున్నాయా? మా అమ్మ ఆ బొమ్మ చూసినకాడినుంచి నీళ్లు ముట్టడం మానేసింది. గొంతు తడుపుకోడానికి నాలుగు గుక్కలు తాగి ఊరుకుంటోంది” అనెను. అవి చైత్రమాసపు ఎండలు. ఆ ముదుసలి జీడితోటలో పనికి పోవునది. ఎండలో పనిచేయుచు నీరు తక్కువగా త్రాగుట పరిశోధకులు అనుమానించు కారణములలో నొకటి యని ఇంతకుముందే చెప్పితిని. రోగమునుండి కాపాడుట కొరకు చేసిన చిత్రమే ఆమెను రోగమువైపు నెట్టుచుండెను.

నేను ఆ దినమే అతనితో వారి గ్రామమునకు పోయితిని. ఆ తల్లికి నమస్కరించి, “అమ్మా, ఆ బొమ్మ యంత్రము కల్పించినది, ఎవరును ఏ నూతివద్దను చూచి గీసినది కాదు, దానిని చూపుట నా తప్పు” అని చెప్పితిని. ఆమె నన్ను కొంతసేపు చూచి, “కల్పించిన బొమ్మయితే అంత నిజంలాగ ఎందుకుందయ్యా?” అని యడిగెను. ఇరువది యేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆ ప్రశ్నకు వెంటనే బదులు దొరకలేదు. వైద్యురాలితో ఆమెకు చెప్పించితిమి. రక్తములోని క్రియాటినిన్ పరీక్ష చేయించితిమి. ఈ వ్యాధి ఆరంభములో నొప్పి లేకయే పెరుగును గనుక బొమ్మ చూచి ఊహించుకొనుట గాక పరీక్షయే శరణ్యము. ఆమె మరల తగినంత నీరు త్రాగుచున్నదని పిమ్మట ఆ బాలుడు చెప్పగా నా మనస్సు కుదుటపడెను.

6. అయినచో యంత్రమును విడువవలెనా?

విడువనక్కరలేదు. ఏ పనికి ఏ పనిముట్టో తెలిసికొనవలెను. కత్తిపీట కూరలు తరుగుటకేగాని పాలు కొలుచుటకు గాదు గదా.

మొదటిది, కృత్రిమ మేధ యనగా ఒకే రకపుది గాదు. ప్రోటీను ఏ రూపమున ముడుచుకొనునో ఊహించు ఆల్ఫాఫోల్డ్ అను యంత్రము కలదు. దానిని చేసిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ అనువారికి 2024లో రసాయన శాస్త్రమున నోబెలు బహుమానములో సగము లభించెను. అదియును ఊహయే చేయును. అయినను ఆ ఊహను ప్రయోగశాలలలో తేలిన రూపములతో సరిచూచిరి. 1971లో ఏడు రూపములతో ప్రారంభమైన ప్రోటీన్ డేటా బ్యాంకులో ఇప్పుడు రెండు లక్షలకు పైగా రూపములు గలవు. ఆల్ఫాఫోల్డ్ వానినుండియే నేర్చుకొనెను. అంతేగాక తన ఊహలో ఏ భాగము నమ్మదగినదో నీలిరంగుతోను, ఏ భాగము అనుమానమో నారింజరంగుతోను అదియే చూపును. బొమ్మల యంత్రము అట్లు చేయదు. సరియైన గీతను, తప్పు గీతను ఒకే ధైర్యముతో, ఒకే సొగసుతో గీయును. తనకు తెలియనిచోట తెలియదని చెప్పగల యంత్రమునకును, చెప్పలేని యంత్రమునకును గల భేదమిది.

రెండవది, పెద్దలును ఇట్టి గోతిలో పడిరి. 2024 ఫిబ్రవరిలో ఒక అంతర్జాతీయ శాస్త్ర పత్రికలో వెలువడిన వ్యాసమున యంత్రము గీసిన ఎలుక బొమ్మ యుండెను. దాని అవయవములు ప్రకృతిలో లేనివి. ప్రక్కన వ్రాసిన పేర్లు ఏ భాషవియు గావు. పరిశీలన దశను దాటి అది అచ్చయ్యెను. చదువరులు నవ్వగా మూడు దినములలో ఆ వ్యాసమును ఉపసంహరించిరి. వికారమైన బొమ్మ గనుక అది పట్టుబడినది. సొంపైన తప్పు అయినచో ఎన్నాళ్లు దాగియుండెడిదో!

మూడవది, యంత్రము పనికివచ్చు చోట్లును గలవు. చిత్రమునకు ముందు దృశ్యములను ఏ వరుసలో కూర్చవలెనో ఊహించుకొనుటకు, రంగుల పొందికను ఎన్నుకొనుటకు, శాస్త్రార్థము లేని నేపథ్యమునకు దానిని వాడవచ్చును. ఇందునను జాగ్రత్త వలయును. ఉద్దానపు కొబ్బరితోటను గీయుమనగా అది పడవలతోగూడిన కేరళపు కాలువను గీసెను! పిల్లలు నవ్వి, సెలవులలో కవిటి పోయి నిజమైన తోటను ఛాయాచిత్రము తీసికొనివచ్చిరి.

ఇప్పుడు ఆ చిత్రమును మరల చేసితిమి. మూత్రపిండమును, నెఫ్రానును పిల్లలు గళ్ల కాగితముపై చేతితో గీసి, వెల లేక దొరకు బ్లెండరు అను సాధనముతో కదలించిరి. నాలుగు వారములు పట్టెను. మొదటి చిత్రమంత మెరుగు దీనికి లేదు. కాని ఎర్రకణము జల్లెడవద్దకు వచ్చి, ఆగి, వెనుకకు మరలును. ఆ కదలికను గీసిన బాలుని “ఇది ఏల మరలినది?” అని యెవరడిగినను చెప్పగలడు. కారణముల ప్రస్తావన వచ్చినచోట బొమ్మ పెట్టలేదు. నల్లని తెరపై “ఇంకను తెలియదు” అను తెల్లని అక్షరములు మాత్రమే యుంచితిమి. తెలియనిదానికి తగిన బొమ్మ అదియే.

7. మేము పెట్టుకొన్న నియమములు

ఒకటి: శాస్త్రార్థముగల ఏ భాగమును యంత్రముచే గీయింపరాదు. గీయించినచో తెలిసినవారు గీతగీతయు సరిచూడక బయటపెట్టరాదు.

రెండు: లెక్కింపదగినదానిని లెక్కింపవలెను, కుడి యెడమలు, పెద్ద చిన్నలు, రాక పోకలు చూడవలెను.

మూడు: యంత్రము గీసిన బొమ్మ క్రింద ఆ సంగతిని తెలుగులో, కనబడునట్లు వ్రాయవలెను.

నాలుగు: శాస్త్రము తేల్చని కారణమును బొమ్మ తేల్చరాదు.

అయిదు: రోగమునకు సంబంధించిన చిత్రమును వైద్యులు చూడనిదే ఎవరికిని పంపరాదు.

తలిదండ్రులకును ఒక మనవి. మీ చేతిలోని చరవాణికి దినదినము ఎన్నో బొమ్మలు వచ్చును. సొగసును చూచి నమ్మకుడు. “దీనిని ఎవరు గీసిరి? ఏమి చూచి గీసిరి?” అని అడుగుడు. బదులు చెప్పువారు లేనిచో ఆ బొమ్మను సాక్ష్యముగా గైకొనకుడు. ఆ జీడితోట తల్లి నన్నడిగిన ప్రశ్నకు నేడు నేనిచ్చు సమాధానమిది: “నిజమువలె నుండునట్లు చేయుటయే ఆ యంత్రమునకు నేర్పిన పని, నిజముగా నుండునట్లు చేయుట మన పని.”

అభ్యాసములు

1. కొబ్బరి పీచుతో పేనిన త్రాటిని నిలువుగా పట్టుకొనుడు. ఎదుటి పేటలు క్రింది యెడమనుండి పై కుడికి పోవుచున్నచో అది కుడి మెలిక; అటు గానిచో ఎడమ మెలిక. మన కణములలోని డి.ఎన్.ఏ. సాధారణముగా కుడి మెలిక. మీకు దొరకిన పది డి.ఎన్.ఏ. బొమ్మలను పరీక్షించి ఎన్ని సరియైనవో వ్రాయుడు. బొమ్మను అద్దములో చూచినచో మెలిక ఏమగునో గమనింపుడు.

2. మూత్రపిండమును చూడక గీయుడు. ప్రతి గీతకును కారణము వ్రాయుడు. కారణము తోచని గీతలెన్ని?

3. మీ ఊరిలో మీకు బాగుగా తెలిసిన ఒక వస్తువును యంత్రముచే గీయించి, ఆ వస్తువును చేయువారికి చూపుడు. వారు చెప్పిన తప్పులను వారి మాటలలోనే వ్రాసికొనిరండు.